పిల్లల చదువు కోసం ఏ ఊరు? వెళ్లేముందు చూసుకోవలసినవి

 

ఈమధ్య మన గూడేల్లో చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లో ఒకటే మాట నడుస్తోంది. పిల్లల చదువు కోసం ఊరు మారదామా? మారితే భద్రాచలమా, పాల్వంచా, కొత్తగూడెమా, ఖమ్మమా? అందుకే సంఘం తరఫున ఈరోజు ఈ సంగతే మాట్లాడదామనుకున్నాం. మిమ్మల్ని వెళ్లమనీ చెప్పం, ఆగమనీ చెప్పం. వెళ్లేవాళ్లు అన్నీ తెలుసుకొని వెళ్లాలన్నదే మా కోరిక.

ఈ ఆరాటం ఊరికే పుట్టింది కాదు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుల అక్షరాస్యత 49.2 శాతం. దేశం మొత్తం మీద గిరిజనుల సగటు 59 శాతం. మనం అక్కడా వెనకే ఉన్నాం. చదువుకోలేకపోయిన అమ్మానాన్నలు బిడ్డ చదవాలని ఇల్లు వదలడానికి సిద్ధపడుతున్నారంటే ఆ మనసు మనకు అర్థమవుతుంది.

ముందుగా ఒక లెక్క వేసుకోండి. గిరిజన సంక్షేమ గురుకులాల్లో ప్రవేశ పరీక్ష రాసి 5వ తరగతిలో చేరవచ్చు. ఏకలవ్య ఆదర్శ గురుకులాల్లో 6 నుంచి 12 వరకు చదువు ఉంటుంది. ఒక్కో బడికి 480 సీట్లు, అందులో సగం ఆడపిల్లలకు. అంటే మనకు అసలు చిక్కు మొదటి నాలుగైదు తరగతుల దగ్గరే ఉంది. ఆ వయసు బిడ్డను హాస్టల్లో వదలలేం. గూడెంలో బడి సరిగా నడవకపోతే ఆ కొన్నేళ్ల కోసమే ఊరు మారాలి. శాశ్వతంగా మారుతున్నామా, ఐదేళ్లకేనా అన్నది భార్యాభర్తలు, ఇంటి పెద్దలు కూర్చొని ముందే తేల్చుకోవాలి. భూమి, ఇల్లు, ముసలివాళ్ల సంగతి అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

రెండోది స్థానికత. తెలంగాణలో ఉద్యోగాలకు 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కువ ఏళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకే స్థానికులు. భద్రాచలం, పాల్వంచ, కొత్తగూడెం మూడూ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోవే. ఖమ్మం వేరే జిల్లా, హైదరాబాద్ సంగతి చెప్పనక్కర్లేదు. ఈరోజు ఒకటో తరగతిలో చేర్చే బిడ్డకు ఇరవై ఏళ్ల తర్వాత ఇది పనికొస్తుంది, లేదా అడ్డొస్తుంది.

మూడోది రాష్ట్రం సరిహద్దు. 2014 తర్వాత చింతూరు, కూనవరం, ఎటపాక వైపు ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. ఎటపాక నుంచి భద్రాచలం రావడానికి గోదావరి కూడా దాటక్కర్లేదు, రాష్ట్రం మాత్రం మారిపోతుంది. రెండు చోట్లా కోయలు షెడ్యూల్డు తెగే. అయినా వలస వెళ్లిన రాష్ట్రంలో రిజర్వేషన్ దానంతటదే రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి అటునుంచి వచ్చేవాళ్లు కుల ధ్రువీకరణ, స్థానికత, స్కాలర్‌షిప్ సంగతి ఐటీడీఏ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే సామాను కట్టండి.

ఇక బడి. బోర్డు మీద రంగులు చూసి మోసపోవద్దు. పనిరోజున వెళ్లండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడిలో 30 మందికి ఒక టీచరు ఉండాలి, లెక్కపెట్టండి. మూడో తరగతి పిల్లవాడిని పుస్తకంలో ఏదో ఒక పేజీ చదవమనండి. తెలుగు సరిగా రాని కోయ బిడ్డ వస్తే ఎలా చూస్తారని టీచర్నే అడగండి. ఆ జవాబులోనే బడి సంగతి తెలిసిపోతుంది. చేర్చుకోవడానికి పిల్లలకు పరీక్ష పెట్టడం, డొనేషన్ అడగడం చట్టం ఒప్పుకోదు. టీసీ ఆలస్యమైందని సర్కారు బడిలో చేర్చుకోకుండా ఉండటానికీ వీల్లేదు. ప్రైవేటు బడైతే ఫీజు ఒక్కటే చూడకండి. బస్సు, పుస్తకాలు, యూనిఫాం కలిపి ఏడాదికి ఎంతో కాగితం మీద రాసుకోండి.

ఇల్లు చూసేటప్పుడు గోదావరిని మరవకండి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో నీరు 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు దాటకపోయినా అంతవరకూ వచ్చింది. అద్దె తక్కువని పల్లపు వీధిలో దిగేముందు, ఆ ఏడాది ఇక్కడ నీళ్లు ఎంతవరకు వచ్చాయని పక్కింటివాళ్లను అడగండి. ఆసుపత్రి ఎంత దూరం, చీకటిపడ్డాక ఆడపిల్ల ట్యూషన్ నుంచి ఒంటరిగా రాగలదా, అమ్మకు, నాన్నకు ఇద్దరికీ పని దొరుకుతుందా అన్నవీ చూడాలి. ఒక్కరి కూలి మీద అద్దె, ఫీజు రెండూ సాగవు.

భూమి విషయం గట్టిగా చెబుతున్నాం. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా వారసులకు వస్తుంది కానీ అమ్మడానికి, మరొకరికి రాసివ్వడానికి కుదరదు. ఫీజు కోసం దాన్ని ఎవరి చేతిలోనో పెట్టి కాగితం రాయించుకోవద్దు. సాగు ఆగకుండా అన్నదమ్ములకు అప్పగించి వెళ్లండి.

చివరగా మన మాట. పట్నంలో బిడ్డ బడిలో తెలుగు, ఇంగ్లిషు ఎలాగూ నేర్చుకుంటుంది. కోయ మాట ఇంట్లో మనం మాట్లాడకపోతే ఇంకెక్కడా వినిపించదు. తాతతో, నానమ్మతో మాట్లాడలేని చదువు సగం చదువే. వీలైతే నాలుగైదు కుటుంబాలు కలిసి ఒకే వీధిలో ఇళ్లు తీసుకోండి. పిల్లలు కలిసి ఆడుకుంటారు, ఒకరికి జ్వరమొస్తే మరొకరు చూస్తారు, మాట నిలుస్తుంది. భూమి పండుగకు, కొత్తల పండుగకు బడికి సెలవు చీటీ రాసైనా పిల్లల్ని ఊరికి తీసుకురండి.

కాలేజీల్లో చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు ఒక పని. మీరు ఉంటున్న పట్టణంలో ఏ బడి ఎలా ఉందో, ఏ వీధిలో అద్దె ఎంతో, గురుకులం దరఖాస్తు ఎప్పుడు మొదలవుతుందో మీకు తెలుసు. అది మీ గూడెంలో చెప్పండి. జూన్‌లో బడి తెరిచాక వెతికితే ఆలస్యమవుతుంది, ఎండాకాలం రాకముందే చెప్పండి. దరఖాస్తు నింపడం రాని అక్కకు, వదినకు పక్కన కూర్చొని నింపిపెట్టండి. ఈ ఏడాది ఒక్కొక్కరు ఒక్క ఇంటికి సాయం చేసినా, వచ్చే జూన్‌లో ఎన్నో ఇళ్లు తెలియని ఊళ్లో తడబడకుండా అడుగుపెడతాయి.