తొలి కరీబియన్ క్రూయిజ్: ముందు ఊరు, తర్వాత సంచి

హ్యూస్టన్‌లోనో అట్లాంటాలోనో ఉద్యోగం చేసుకుంటున్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు వస్తారు. నయాగరా చూస్తారు, న్యూయార్క్ చూస్తారు, పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామిని దర్శించుకుంటారు. ఇక మిగిలింది క్రూయిజే అని పిల్లలు తేల్చేస్తారు. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు గాల్వెస్టన్ రేవు దగ్గర. మిగతావాళ్లు విమానమెక్కి మయామికో, ఫోర్ట్ లాడర్‌డేల్‌కో, పోర్ట్ కెనావెరల్‌కో చేరుకుంటారు. ఏడు రాత్రుల ప్రయాణం, మధ్యలో మూడో నాలుగో ఊళ్లు. మొదటిసారి బయల్దేరే ఇలాంటి కుటుంబాల కోసమే ఈ ప్రసంగం.

టికెట్ కొనేటప్పుడు అందరి చూపూ ఓడ మీదే ఉంటుంది. ఎన్ని అంతస్తులు, ఎన్ని ఈతకొలనులు, గదికి బాల్కనీ ఉందా లేదా. 2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’లో 20 డెక్కులున్నాయి, నిండితే ఏడున్నర వేలమందికి పైగా పడతారు. అంత ఓడను చూస్తే కళ్లు చెదరడం సహజం. అయితే ఓడలో పొద్దు గడపడానికి ఏర్పాట్లన్నీ ఓడవాళ్లే చేస్తారు. ఒడ్డు మీద ఏం చేయాలన్నది మాత్రం ప్రయాణికులు ముందే తేల్చుకోవాలి. ఏ ఊళ్లో ఏం చూస్తారో తేలితే ఏ చెప్పులు, ఏ బట్టలు, ఎంత చిల్లర కావాలో దానంతటదే తేలిపోతుంది. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా జరుగుతోంది. ముందు సూట్‌కేసులు నిండిపోతాయి, ఊళ్ల సంగతి ఓడెక్కాక చూసుకుందామంటారు.

అన్నిటికంటే ముందు కాగితాలు. ఫ్లోరిడాలో ఎక్కి ఫ్లోరిడాలోనే దిగినా, మధ్యలో బహామాస్‌లోనో మెక్సికోలోనో ఆగితే అమెరికా విడిచి వెళ్లి మళ్లీ వచ్చినట్టే లెక్క. తిరిగొచ్చాక ఇమిగ్రేషన్ అధికారి ముందు నిలబడాల్సిందే. కాబట్టి అమ్మానాన్నల విజిటర్ వీసా మల్టిపుల్ ఎంట్రీదై ఉండాలి, తిరిగొచ్చే రోజుకు దాని గడువు మిగిలి ఉండాలి.

హెచ్-1బి ఉద్యోగ వీసా వాళ్లకు ఇంకో చిక్కుంది. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయినా, అమెరికాలో ఉండనిచ్చే ఐ-94 పత్రం చెల్లుతూ ఉంటే కెనడాకూ మెక్సికోకూ వెళ్లి 30 రోజుల్లోపు తిరిగి రావచ్చన్న వెసులుబాటు చాలామంది విన్నదే. అది హెచ్-1బి వాళ్లకు కరీబియన్ దీవుల విషయంలో పనికిరాదు. ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్లకు మాత్రమే క్యూబా మినహా చుట్టుపక్కల దీవులకూ ఆ వెసులుబాటు ఉంది. స్టాంపు గడువు తీరిన ఇంజనీరు బహామాస్ రాజధాని నసావులో ఆగే ఓడెక్కితే అమెరికాకు తిరిగి రావడమే సమస్య అవుతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కార్డుతోపాటు భారత పాస్‌పోర్టునూ వెంట ఉంచుకోవాలి. దారిలో తగిలే దేశాల్లో భారతీయులకు వేటికి వీసా కావాలో క్రూయిజ్ కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, వాళ్ల జవాబును భద్రంగా దాచుకోవాలి.

ఇక గంటల లెక్క. ప్రయాణ పట్టికలో ‘కొజుమెల్ (మెక్సికో), ఉదయం 8 నుంచి సాయంత్రం 5’ అని ఉంటుంది. తొమ్మిది గంటలున్నాయి కదా అనిపిస్తుంది. ఓడను కట్టి, అక్కడి అధికారులు అనుమతిచ్చి, వేలమందిలో మనవాళ్ల వంతు వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. ఐదింటికి కదిలే ఓడలోకి సాధారణంగా అరగంట ముందే అందరూ చేరి ఉండాలి. రేవు దగ్గర తనిఖీ వరుసలు కూడా కలుపుకుంటే చేతిలో మిగిలేది ఏడు గంటలు.

ఆ ఏడు గంటల్లో టులూమ్ చూడాలని చాలామంది ముచ్చటపడతారు. సముద్రపు గట్టున మాయా జాతివాళ్లు కట్టిన ప్రాకారాల నగరం అది, ఫొటోల్లో చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ టులూమ్ కొజుమెల్ దీవిలో లేదు, నీళ్లకు అవతల మెక్సికో ప్రధాన భూభాగంలో ఉంది. ఫెర్రీలో ప్లాయా దెల్ కార్మెన్‌కు సుమారు 45 నిమిషాలు, అక్కడి నుంచి బస్సులో దాదాపు గంట. రానూపోనూ మూడున్నర గంటలు కూర్చోవడానికే సరిపోతాయి. గాలి ఉన్న రోజున ఆ ఫెర్రీ బాగా ఊగుతుంది. శిథిలాల దగ్గర నీడ తక్కువ. అరవై దాటిన తల్లిదండ్రులతో ఈ పరుగు వద్దు. కొజుమెల్ దీవి లోపలే శాన్ హెర్వాసియో ఉంది. సంతానానికీ పురుళ్లకూ దేవతైన ఇష్‌చెల్‌కు మొక్కుకోవడానికి మాయా స్త్రీలు సముద్రం దాటి వచ్చిన యాత్రాస్థలం అది. అడవి మధ్య రాతి బాటలు, చిన్న చిన్న రాతి కట్టడాలు, చెట్ల నీడ. టాక్సీలో వెళ్లి, నింపాదిగా చూసి, మధ్యాహ్న భోజనానికి ఊళ్లోకి వచ్చేయవచ్చు.

ఇక్కడే గడియారం సంగతి కూడా చెప్పుకోవాలి. కొజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయం పాటిస్తోంది, వేసవిలో గడియారం ముందుకు జరపదు. మయామి జరుపుతుంది. వేసవిలో మయామి నుంచి బయల్దేరిన ఓడ మయామి సమయాన్నే కొనసాగిస్తే, కొజుమెల్‌లో సెల్‌ఫోన్ దానంతటదే ఒక గంట వెనక్కి మారిపోతుంది. ఫోన్‌లో మూడున్నర చూసి ఇంకా గంట ఉందనుకుంటారు. ఓడలో అప్పటికి నాలుగున్నర. జమైకాలో, గ్రాండ్ కేమన్‌లో కూడా వేసవిలో ఇదే తేడా. అందుకని ఓడ దిగే ముందు ఓడ గడియారాన్ని చూసి, చేతికి పెట్టుకునే మామూలు వాచీని దానికి సరిచేసుకోవాలి. ఆ రోజంతా నమ్మాల్సింది ఆ వాచీనే.

ఓడ తప్పితే ఏమవుతుంది? ఓడవాళ్ల ద్వారా టూర్ కొన్నవాళ్లు ఆలస్యమైతే వాళ్ల కోసం ఓడ ఆగుతుంది, ఆగలేకపోతే తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత కంపెనీదే. సొంతంగా వెళ్లినవాళ్ల విషయంలో ఆ బాధ్యత లేదు. 2024 మార్చిలో ఆఫ్రికా పడమటి తీరంలోని సావో తోమే దీవిలో ఎనిమిదిమంది ప్రయాణికులు సొంతంగా టూర్‌కు వెళ్లి ఆలస్యంగా వచ్చారు. ఓడ వాళ్లను ఎక్కించుకోకుండానే కదిలింది. వాళ్లు దేశాలు దాటుకుంటూ గాంబియా దాకా వెంబడించారు, ఆటుపోట్ల కారణంగా ఓడ అక్కడ ఆగనే లేదు. చివరికి సెనెగల్ రాజధాని డకార్‌లో గానీ ఓడెక్కలేకపోయారు. వీసా చిక్కులున్న భారత పాస్‌పోర్టుతో అలాంటి తిరుగుడు ఊహించుకోవడమే కష్టం. దూరంగా ఉన్నవాటికి ఓడవాళ్ల టూరు, రేవుకు దగ్గర్లో ఉన్నవాటికి సొంత నడక అని ఒక నియమం పెట్టుకుంటే డబ్బూ మిగులుతుంది, గుండెదడా ఉండదు. ఓడలో రోజూ ఇచ్చే కార్యక్రమ పత్రంలో రేవులోని ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది. దిగే ముందు దాన్ని ఫొటో తీసి పెట్టుకోవాలి.

నడిచి చూడగలిగిన ఊళ్లు తక్కువేమీ లేవు. నసావు రేవు నుంచి కొద్ది దూరంలోనే క్వీన్స్ స్టెయిర్‌కేస్ ఉంది. 1790ల్లో బానిసలు సున్నపురాయిని తొలిచి మలిచిన మెట్లవి. ఇరువైపులా నిలువెత్తు రాతి గోడలు, మధ్యలో చల్లదనం. ఆ రాయిని చేతి పనిముట్లతో తొలిచినవాళ్లెవరో ఒక్క క్షణం తలుచుకుని పైకెక్కితే, ఊళ్లో మిగతా చరిత్ర కూడా అర్థమవుతుంది. ప్యూర్టోరికోలోని శాన్ హువాన్‌లో రేవు పాత ఊరికి ఆనుకునే ఉంటుంది. నీలిరంగు రాళ్లు పరిచిన వీధుల్లో నడుచుకుంటూ ఎల్ మోరో కోట దాకా వెళ్లవచ్చు. క్యురసావ్ రాజధాని విల్లెమ్‌స్టాడ్‌లో 1888 నాటి తేలే వంతెన ఉంది. ఓడలు వచ్చినప్పుడు ఆ వంతెనే పక్కకు తిరిగి దారి ఇస్తుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు రెండు చోట్ల జాగ్రత్తగా ఉండాలి. గ్రాండ్ కేమన్‌లో పెద్ద ఓడలు గట్టుకు రావు, సముద్రంలోనే లంగరు వేస్తాయి. టెండర్ అనే చిన్న పడవలోకి దిగి ఒడ్డుకు వెళ్లాలి. ఓడ ఒక లయలో, పడవ మరో లయలో ఊగుతుంటే ఆ ఒక్క అడుగూ వేయడం కష్టం. సముద్రం బాగోలేకపోతే ఆ ఊరే రద్దవుతుంది. ఓడ ద్వారా కొన్న టూరు డబ్బు వెనక్కి వస్తుంది. బయట కొన్నది వస్తుందో రాదో కొనేటప్పుడే అడగాలి. అక్కడి స్టింగ్‌రే సిటీలో ఇసుకతిన్నె మీద నడుము లోతు నీళ్లలో నిలబడితే స్టింగ్‌రే చేపలు కాళ్ల చుట్టూ తిరుగుతాయి. ఈత రాకపోయినా ఫరవాలేదు. అడుగు ఎత్తి వేయకుండా ఇసుకలో పాదం జరుపుతూ నడవాలి. అడుగున పడుకున్న చేపను తొక్కితేనే ప్రమాదం.

రెండోది జమైకాలోని డన్స్ రివర్ ఫాల్స్. సుమారు 600 అడుగుల పొడవున పారే జలపాతాన్ని కింది నుంచి పైకి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని, పారే నీళ్లలోనే ఎక్కుతారు. పిల్లలకు ఇంతకంటే మంచి రోజు ఉండదు. పెద్దవాళ్లు పక్కనున్న మెట్ల దారిలో ఎక్కుతూ చూడవచ్చు. ఎక్కేవాళ్లకు అడుగున పట్టు ఉన్న రబ్బరు వాటర్ షూస్ తప్పనిసరి. హవాయి చెప్పులు ఒక్క నిమిషంలో నీళ్లపాలవుతాయి.

దక్షిణ కరీబియన్ దారి పట్టే ఓడల్లో కొన్ని గ్వాడెలూప్‌లో ఆగుతాయి. దీని గురించి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 1854 నుంచి పాండిచ్చేరి, కారైక్కాల్ రేవుల మీదుగా దక్షిణాది కూలీలను ఫ్రెంచివాళ్లు చెరకు తోటల పనికి ఇక్కడికి తీసుకొచ్చారు. కాపెస్టేర్ బెలో అనే ఊళ్లో షాంజీ హిందూ ఆలయం గోపురం, రంగురంగుల విగ్రహాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ దీవి వంటల్లో ‘కొలోంబో’ అనే మసాలా కూర ఉంది. బీచికి బదులు ఆ గుడికి వెళ్తే అమ్మానాన్నలు ఊరికి తిరిగొచ్చాక కూడా దాని గురించే చెబుతారు.

చిల్లర సంగతి. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు ఒక కట్ట దగ్గరుండాలి. టాక్సీ ఎక్కే ముందు రెండు ప్రశ్నలు అడగాలి: మనిషికా, బండికా? ఏ డాలరు? అమెరికన్ వర్జిన్ దీవుల్లోని సెయింట్ థామస్‌లో ఛార్జీలు ప్రభుత్వం నిర్ణయించినవే గానీ మనిషికి ఇంత చొప్పున. బహామాస్ డాలరు అమెరికా డాలరుతో సమానం. బార్బడోస్‌లో ఒక అమెరికా డాలరుకు అక్కడి డాలర్లు రెండు, సెయింట్ లూసియాలో 2.70. కేమన్‌లో వ్యవహారం తిరగబడుతుంది, అక్కడి డాలరే పెద్దది. బోర్డు మీద పది అని ఉంటే చెల్లించాల్సింది పన్నెండు అమెరికా డాలర్లకు పైనే.

ఇప్పుడు సంచి. ఓడెక్కే రోజు పెద్ద సూట్‌కేసులను రేవు దగ్గరే పోర్టర్లు తీసుకుంటారు. అవి గది తలుపు దగ్గరికి వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. పాస్‌పోర్టులు, బీపీ, షుగరు మందులు, ఒక జత పలచని బట్టలు, ఈత దుస్తులు చేతి సంచిలోనే ఉండాలి. మందులు డబ్బాల్లో పోసుకోకుండా స్ట్రిప్పులతోనే, ప్రిస్క్రిప్షన్‌తో కలిపి తెచ్చుకోవాలి. ఓడ ఊగితే వికారం వచ్చేవాళ్లు డాక్టరును అడిగి మాత్రలు ముందే కొనుక్కోవాలి. కింది అంతస్తుల్లో, ఓడ నడిమధ్యలో ఉన్న గదికి ఊపు తక్కువ.

రైస్ కుక్కరు, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె, సర్జ్ ప్రొటెక్టరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు, కొవ్వొత్తులు ఇంట్లోనే ఉంచేయాలి. నడిసముద్రంలో మంటంటే మాటలు కాదు గనక తనిఖీలో దొరికితే తీసేసుకుంటారు. ఇంట్లో వండిన పదార్థాలను చాలా ఓడల్లోకి రానివ్వరు. సీలు తీయని ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం ఉండదు కాబట్టి జంతికలు, కారప్పొడి అలా తెచ్చుకోవచ్చు. శాకాహారులు బుక్ చేసేటప్పుడే చెప్పి, మొదటి రాత్రి భోజనాల హాలు పెద్దను కలిసి అడిగితే మర్నాటి నుంచి పప్పూ కూరా చేసి పెడతారు. ఫార్మల్ నైట్ అని ఒక సాయంత్రం ఉంటుంది, దానికి ఒక పట్టుచీర చాలు. మిగతా రోజులకు త్వరగా ఆరే పలచని బట్టలు. గది గోడలు ఉక్కువి, నాలుగు అయస్కాంతపు కొక్కేలుంటే తడి బట్టలు ఆరేసుకోవచ్చు. బీచి తువాళ్లు ఓడలోనే ఇస్తారు, తిరిగి ఇవ్వకపోతే బిల్లు వేస్తారు.

చట్టాలు రెండు గుర్తుంచుకోవాలి. బార్బడోస్, జమైకా, సెయింట్ లూసియా లాంటి దేశాల్లో మిలిటరీవాళ్ల మచ్చల బట్టలు మామూలు జనం వేసుకోవడం నేరం, పిల్లల నిక్కర్లకూ టోపీలకూ ఇదే వర్తిస్తుంది. పగడపు దిబ్బలకు హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్న సన్‌స్క్రీన్‌ను అమెరికన్ వర్జిన్ దీవులు 2020 నుంచి నిషేధించాయి. ఆ మూడూ లేకుండా జింక్ ఆక్సైడ్ ఉన్నది కొంటే అన్ని దీవుల్లోనూ చెల్లుతుంది. ఆ ఒక్క ట్యూబు మార్చడం మన చేతిలో పని, అక్కడి పగడాలకు మేలు.

జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం. ఓడ దారి మార్చుకుంటుంది, ఊళ్లు మారిపోతాయి, అందుకు సిద్ధపడే టికెట్ కొనాలి. ఓడ బయల్దేరే ఊరికి అదే రోజున కాకుండా ముందురోజే చేరుకోవాలి.

చివరి రాత్రి సూట్‌కేసులను గది బయట పెట్టమంటారు, తెల్లారేసరికి అవి రేవులో ఉంటాయి. మర్నాడు దిగేటప్పుడు వేసుకునే బట్టలు, చెప్పులు, పొద్దున వేసుకునే మందులు, పాస్‌పోర్టులు అంతకుముందే పక్కకు తీసి పెట్టుకోవాలి. ఓడలో ఇచ్చిన అరటిపండో యాపిలో చేతి సంచిలో ఉంటే దిగే ముందే తినేయాలి, ఒడ్డు మీద తనిఖీలో పట్టుకుంటారు.