సంగీతం చదవడానికి జపాన్ పోవాలంటే
(సికింద్రాబాద్‌లో జరిగిన సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

గిరిజన విద్యార్థినుల హాస్టల్ నడిపేవాళ్ళం మేము. మమ్మల్ని సంఘం వాళ్ళు పిలిచి "పిల్లల పైచదువుల గురించి మాట్లాడండి" అన్నారు. పైచదువు అంటే అందరికీ ముందు నర్సింగ్, బి.ఎడ్., గ్రూప్స్ కోచింగ్ గుర్తొస్తాయి. వాటి గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. మేము ఇవాళ ఎవరూ చెప్పని ఒక దారి గురించి చెబుతాం. సంగీతం చదవడానికి జపాన్ వెళ్ళే దారి. నవ్వకండి, కాసేపు వినండి.

ఈ మాట ఎందుకు వచ్చిందో ముందు చెప్పాలి. మా దగ్గర డిగ్రీ చదివే ఒక పిల్ల ఉంది. ప్రధాన్ కుటుంబం. ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, దేవర ముందు పాడేది గోండిలో, బడిలో చదివింది తెలుగులో, కాలేజీలో ఇంగ్లీషు. వాళ్ళ తాత కిక్రి వాయిస్తాడు. మూడు తీగల వాయిద్యం, విల్లుతో గీసి పలికిస్తారు. సాధారణంగా మగవాళ్ళే పట్టే వాయిద్యం అది. ఈ పిల్ల సెలవులకు పోయినప్పుడల్లా తాత పక్కన కూర్చుని చేయి తిప్పుకుంది. ఆ ఊళ్ళో కిక్రి పట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు. ఇప్పుడు ఆ పిల్ల మమ్మల్ని అడిగింది: "మేడం, దీన్నే చదువుకోవడానికి కాలేజీ ఉందా?" అని.

మన సికింద్రాబాద్‌లోనే భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, కూచిపూడి అక్కడ నేర్చుకోవచ్చు. శాస్త్రీయ సంగీతం నేర్చుకోవాలనుకునే మా పిల్లలకు అది నడిచిపోయేంత దగ్గర. వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది. అక్కడ మన కథలు, ఆచారాల మీద పరిశోధన సాగింది. కానీ పొద్దున వాయిద్యం పట్టి సాధన చేయడం, మధ్యాహ్నం అదే వాయిద్యం గురించి పుస్తకాలు తిరగేసి వ్యాసం రాయడం, ఈ రెండూ ఒకే కప్పు కింద ఒకే పిల్ల చేయాలంటే ఎక్కడికి పంపాలి? అలా వెతుకుతూ పోతే టోక్యోలోని ఉయెనో తగిలింది.

ఉయెనోలో టోక్యో కళా విశ్వవిద్యాలయం ఉంది. జపాన్‌లో సంగీతానికి, చిత్రకళకు అన్నిటికంటే పేరున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అందులో పియానో, వయొలిన్ వంటి పాశ్చాత్య శాఖలు ఉన్నాయి. కోతో, షమిసెన్, షకుహాచి, నో నాటక సంగీతం నేర్పే దేశీ సంగీత శాఖ విడిగా ఉంది. వాటి పక్కనే సంగీత శాస్త్ర శాఖ ఉంది. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు, పరిశోధించేవాళ్ళు ఒకే ఆవరణలో రోజూ ఎదురుపడతారు. మాకు నచ్చింది ఇదే.

దాని చరిత్ర చదివితే మాత్రం మన ఆశ్రమ పాఠశాలల కథే చదివినట్టు అనిపించింది. 1879లో జపాన్ ప్రభుత్వం సంగీత పరిశీలన కార్యాలయం ఒకటి పెట్టింది. దాన్ని నడిపిన ఈసావా షూజీ మాలాగే టీచర్ ట్రైనింగ్ చదివినవాడు. అమెరికాలోని బ్రిడ్జ్‌వాటర్‌లో చదివాడు. అక్కడ పాశ్చాత్య స్వరాలు గొంతులో పలకక చాలా బాధపడ్డాడని చెబుతారు. తిరిగొచ్చాక అమెరికా నుంచి మేసన్ అనే సంగీత గురువును పిలిపించి, బడిపిల్లలకు పాటల పుస్తకాలు తయారు చేయించాడు. అందులో కొన్ని పాటలకు బాణీలు పాశ్చాత్య దేశాలవి, మాటలు జపనీస్‌వి. ఆ కార్యాలయమే 1887లో టోక్యో సంగీత పాఠశాల అయింది. బడిలో పియానో, ఆర్గాన్ కూర్చున్నాయి. ఊళ్ళో షమిసెన్ వాయించే పెద్దమనిషి బడి గేటు బయటే ఉండిపోయాడు.

దేశీ సంగీతానికి ఆ పాఠశాలలో శాఖ వచ్చేసరికి 1936 అయింది. 1949లో దాన్ని విశ్వవిద్యాలయంగా మార్చినప్పుడు, అసలు ఈ శాఖ అవసరమా అని పెద్ద వాదన నడిచింది. 1950లో గాని అది నిలబడలేదు. ఇంకా యాభై ఏళ్ళు గడిచాక, 2002 నుంచి అమలైన పాఠ్యప్రణాళికలో, మాధ్యమిక పాఠశాల పిల్లలు మూడేళ్ళలో కనీసం ఒక జపనీస్ వాయిద్యమైనా పట్టి చూడాలని పెట్టారు. లెక్క వేయండి. తమ దేశంలో తమ వాయిద్యం తమ బడిలోకి అడుగు పెట్టడానికి నూట ఇరవై ఏళ్ళు పట్టింది. సొంత రాజ్యం, సొంత భాష, సొంత డబ్బు ఉన్నవాళ్ళకే ఇంత కాలం పడితే, మన డోలికి, పెప్రెకు, కొమ్ముకు ఎంత కాలం పడుతుందో మీరే ఊహించుకోండి.

ఆ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఒక పెద్దాయన గురించి చెప్పాలి. పేరు కొయిజుమి ఫుమియో. 1927లో పుట్టి 1983లో పోయాడు. 1950ల చివర మన దేశానికే వచ్చి మద్రాసులో, లక్నోలో సంగీతం నేర్చుకున్నాడు. చూడండి, అప్పుడు జపాన్ వాళ్ళు మన దగ్గరికి వచ్చారు! తిరిగి వెళ్ళి అధ్యాపకుడయ్యాక 1960లలో తన విద్యార్థులను వెంటబెట్టుకుని టోక్యో బడుల చుట్టూ తిరిగి, చిన్నపిల్లలు ఆడుకుంటూ పాడే పాటలు రికార్డు చేయించాడు. తాడాట పాటలు, బంతి పాటలు. ఎవరూ సంగీతం అని లెక్కపెట్టని వాటిని రాసి, స్వరాలు విడదీసి, ఆ పిల్లల గొంతుల్లోనే జపాన్ పాట ఎముక ఉందని చూపించాడు. ఆయన సేకరించిన వాయిద్యాలు, రికార్డులు ఆ విశ్వవిద్యాలయంలో ఆయన పేరు మీద భద్రంగా ఉన్నాయి. మన తండాలో, గూడెంలో ఆడపిల్లలు పాడే పాటల మీద అలాంటి పని ఎవరైనా చేస్తే ఎంత బాగుండునని మాకు అనిపించింది. చేయాల్సింది కూడా ఆ పాట తెలిసిన పిల్లే.

ఎందుకంటే ఇంకో కథ ఉంది. జపాన్ ఉత్తరాన హొక్కైదో దీవిలో ఐను అనే ఆదివాసీలు ఉన్నారు. వాళ్ళకు ఐదు తీగల టొంకొరి ఉంది, వెదురుతో చేసి నోటి దగ్గర పలికించే ముక్కురి ఉంది, రాత్రంతా పాడే దీర్ఘ గాథలు ఉన్నాయి. 1899లో వాళ్ళ 'రక్షణ' కోసమని ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం కిందే వాళ్ళను వ్యవసాయదారులుగా, జపనీస్ మాట్లాడేవాళ్ళుగా మార్చే పని సాగింది. ఆ రోజుల్లో చిరి యుకియె అనే ఐను పిల్ల అమ్మమ్మ, పెద్దమ్మల నోట విన్న దేవతల పాటలను ఐను భాషలో రాసుకుని, పక్కనే జపనీస్ అనువాదం రాసింది. కిందాయిచి అనే భాషా శాస్త్రవేత్త పిలిస్తే టోక్యో వెళ్ళింది. గుండె జబ్బుతో 1922లో ఆయన ఇంట్లోనే చనిపోయింది. పందొమ్మిదేళ్ళు. పదమూడు పాటల ఆ పుస్తకం మరుసటి ఏడాది అచ్చయింది. ఇప్పటికీ చదువుతున్నారు.

ఐనులను ఆదివాసీలుగా చట్టంలో రాసుకోవడానికి జపాన్‌కు 2019 దాకా పట్టింది. 2020లో షిరావొయిలో వాళ్ళ జాతీయ మ్యూజియం తెరిచారు. ఈ సంగతులన్నీ మా పిల్లలకు చెబితే, వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న: "ఆ అమ్మాయికి హాస్టల్ లేదా మేడం?" మేము కాసేపు ఏం మాట్లాడలేదు.

మన గురించి కూడా బయటివాళ్ళు బాగానే రాశారు. 1940లలో మార్లవాయిలో ఉండి హైమెండార్ఫ్ గోండుల గురించి రాసిన పుస్తకాలు లేకపోతే మనకే చాలా తెలిసేది కాదు. జయధీర్ తిరుమలరావు గారు వాయిద్యాలు వెతికి కాపాడారు. కృతజ్ఞత ఉంది. కానీ రాసేవాళ్ళు వేరు, పాడేవాళ్ళు వేరు అన్న పద్ధతి ఇక చాలు. సకిని రామచంద్రయ్య గారు డోలి పట్టి సమ్మక్క సారలమ్మ కథ పాడారు. గుస్సాడీ కనకరాజు గారు మార్లవాయి నుంచి ఢిల్లీ దాకా ఆడారు. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది, ఇద్దరూ 2024లో మనల్ని విడిచి వెళ్ళారు. కోయ డోలీల పడిగె మీద బొమ్మ బొమ్మకూ ఒక కథ ఉంటుంది. దాన్ని చదవడం తెలిసినవాళ్ళు ఎంతమంది మిగిలారో ఈ సభలో ఉన్న కోయ పెద్దలకే తెలుసు.

సరే, దారి ఎలా ఉంటుంది? మాకు అర్థమైనంత చెబుతాం.

జపాన్ ప్రభుత్వం విదేశీ విద్యార్థులకు వేతనం ఇస్తుంది. రాయబార కార్యాలయం ద్వారా దరఖాస్తు చేసుకోవాలి. పరిశోధక విద్యార్థిగా వెళ్తే ఫీజు ఉండదు, విమానం టికెట్ ఇస్తారు, నెలకు లక్షా నలభై వేల యెన్‌ల పైన ఇస్తారు. ముప్పై ఐదేళ్ళలోపు వయసు ఉండాలి. వేతనం లేకుండా సొంతంగా చదవాలంటే ఆ విశ్వవిద్యాలయంలో 2019లో ఏడాది ఫీజు 6,42,960 యెన్‌లకు పెంచారు. పైన టోక్యో అద్దెలు. అది మన ఇళ్ళ వల్ల కాదు, చెప్పకనే చెబుతున్నాం.

ఇందులో రెండు మెలికలు ఉన్నాయి. ఒకటి, ఆ వేతనం నియమాల్లో కబుకీ, జపనీస్ సంప్రదాయ నృత్యం లాంటి ప్రదర్శన కళల శిక్షణకు చోటు లేదు. కాబట్టి "కోతో నేర్చుకుంటాను" అని కాకుండా సంగీత శాస్త్రం పేరుతో, మంచి పరిశోధన ప్రణాళికతో వెళ్ళడం మేలని మా అభిప్రాయం. రెండు, మన మూడేళ్ళ డిగ్రీ పదిహేనేళ్ళ చదువు కిందికి వస్తుంది. అక్కడ మాస్టర్స్‌కు పదహారేళ్ళు ఉండాలన్నది మామూలు నియమం. విశ్వవిద్యాలయం విడిగా అర్హత పరిశీలించి తీసుకునే వీలుంది. అయినా మా మాట వింటే, ఇక్కడ ఎం.ఏ. పూర్తి చేసి వెళ్ళడమే నయం. ఈ రెండేళ్ళూ భాషకు కూడా పనికొస్తాయి.

ఇక్కడి దారి కూడా మరచిపోవద్దు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏడాదికి ఇరవై మంది గిరిజన పిల్లలకు విదేశీ చదువు స్కాలర్‌షిప్ ఇస్తుంది. అందులో మూడు చోట్లు మన తోటి, కొలాం, చెంచు, కొండరెడ్డి లాంటి అత్యంత వెనుకబడిన తెగలకు. తోటి వాళ్ళు కిక్రి వాయించేవాళ్ళే! ఏ ఏడాది ప్రకటనలో ఏ సబ్జెక్టులు ఉన్నాయో ఆ ఏడాది చదివి చూసుకోవాలి. పోయినేడు చూశాం కదా అని ఊరుకోకూడదు.

భాష అంటే భయపడుతున్నారు. జపనీస్ లిపి కష్టమే, మేము కాదనం. రెండు అక్షరమాలలు, ఒక్కోదానిలో నలభై ఆరు అక్షరాలు. ఆ మీద కంజి అక్షరాలు రెండు వేల పైన. కానీ వాక్యం మనలాగే నడుస్తుంది. క్రియ చివర్లో వస్తుంది, గోండిలోలాగే, తెలుగులోలాగే. ఇప్పటికే నాలుగు భాషలు మోస్తున్న పిల్లకు ఐదోది బరువని మేము అనుకోము. మనకు దగ్గర్లో తార్నాకలోని ఇఫ్లూలో జపనీస్ నేర్పుతారు. ఇంకో మాట. ఆర్.ఆర్.ఆర్. సినిమా జపాన్‌లో ఆడాక కొమురం భీం అనే పేరు అక్కడ చాలామంది విన్నారు. సినిమా భీం వేరు, మన భీం వేరు. ఆ తేడా చెప్పడానికైనా మన పిల్ల ఒకతి అక్కడ ఉండాలి.

తల్లిదండ్రులు మమ్మల్ని అడిగేది ఒకటే: "పాట కూడు పెడుతుందా?" న్యాయమైన ప్రశ్న. సంగీత శాస్త్రం చదివి వచ్చిన పిల్ల అధ్యాపకురాలు కావచ్చు, మ్యూజియంలో, ఆకాశవాణిలో పని చేయవచ్చు. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. అక్కడ రేపు సంగీత శాఖ పెడితే పాఠం చెప్పడానికి మన పిల్లలు ఉండాలా, వద్దా? ఉద్యోగం తప్పక వస్తుందని మేము మాట ఇవ్వలేం. నర్సింగ్ చదివినా మాట ఇవ్వలేం.

ఆ పిల్లకు ఇంట్లో పెళ్ళి మాట మొదలైంది. తాతకు చూపు తగ్గింది. అందుకే ముందు చేయాల్సిన పని జపాన్ వెళ్ళడం కాదు. పుష్య మాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర లోపే తాత దగ్గర కూర్చుని, ఆయన పాడేదంతా రికార్డు చేయాలి. ఏ పాట, ఏ సందర్భం, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఏ తీగ ఎలా శ్రుతి చేస్తాడు, ఎవరెవరు వినవచ్చు, ఎవరికి వినిపించకూడదు, అన్నీ రాసుకోవాలి. దేవర పాటలకు పెద్దల అనుమతి తీసుకోవాలి. రేపు పరిశోధన ప్రణాళిక రాసేటప్పుడు ఇదే ఆధారం. తోడుగా ఇంకో ఇద్దరు పిల్లలు, ఒక కోయ, ఒక లంబాడీ, తమ ఇళ్ళలో ఇదే పని చేస్తామని పేర్లు ఇచ్చారు.

దీనికి కావాల్సింది పెద్దదేం కాదు. ఒక మంచి రికార్డర్, ముగ్గురికి బస్సు ఛార్జీలు, ఒకరికి జపనీస్ క్లాసు ఫీజు. తాత కిక్రికి విల్లు కొత్తగా కట్టించాలి, ఆ పని తెలిసినవాళ్ళెవరైనా ఈ సభలో ఉంటే చెప్పండి. పిల్ల వాళ్ళ నాన్న కూడా ఇవాళ వచ్చాడు, ఆఖరి వరుసలో ఉన్నాడు. సభ అయ్యాక మేము భోజనాల దగ్గరే ఉంటాం. ఆయనతో మాట్లాడేవాళ్ళు, ముఖ్యంగా కూతుళ్ళను దూరం పంపి చదివించిన తండ్రులు, దయచేసి ఒక్క ఐదు నిమిషాలు ఆగండి.