దూరవిద్య - న్యాయవాది అర్హత
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన కచేరీలలో కాఫీవేళ తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు: “పింఛను పుచ్చుకొన్న పిమ్మట నల్లకోటు తొడుగుకొనవలెను.” సంకల్పము మంచిదే. ఆ కోరికతోనే నా మిత్రులొకరు, కుమార్తె పెండ్లికై దాచిన సొమ్ములో కొంత వెచ్చించి, దూరవిద్య ద్వారా న్యాయశాస్త్ర పట్టము సంపాదించిరి. పట్టము చేతికి వచ్చినది. న్యాయవాదుల పట్టికలో పేరు మాత్రము చేరలేదు.

కారణ మేమి? 1961 నాటి అడ్వకేట్ల చట్టము 24వ సెక్షను ననుసరించి, భారత బార్ కౌన్సిలు గుర్తించిన పట్టమే చెల్లును. తరగతులకు పోక కేవలము పరీక్ష నెగ్గిన కలకత్తా విశ్వవిద్యాలయ అభ్యర్థులకు ఈ అర్హత లేదని 1994లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వకీలు విద్య తరగతి గదిలో అలవడవలసినదని దాని భావము.

ఇచట ఒక భేదము గమనింపుడు. ఇంటర్మీడియెటు చదివి, బి.ఏ. మాత్రము దూరవిద్య ద్వారా ముగించినవారు మూడేండ్ల న్యాయశాస్త్ర తరగతిలో చేరుటకు 2008 నాటి నియమములు అడ్డుచెప్పలేదు. ఆ మూడేండ్లు మాత్రము కళాశాలకు పోవలసినదే.

ఉద్యోగమునందుండగా మనము వకాల్తా పుచ్చుకొనరాదు. కాన తొందర లేదు. రుసుము కట్టుటకు ముందు బార్ కౌన్సిలుకు ఒక జాబు వ్రాసి, వ్రాతమూలకమైన సమాధానము పొందుడు. ఫైలుమీద ఆధారము లేనిదే సంతకము పెట్టని మనము, సొంత సొమ్ము విషయమున ఏల ఏమఱవలెను?