తిరిగి చేర్చుకోవడం: నాదియా మురాద్ సాక్ష్యం



ఉపాసకుడు చేయరాని ఐదు వర్తకాలను తథాగతుడు పేర్కొన్నాడు. అందులో ఆయుధ విక్రయం వెంటనే వచ్చేది ప్రాణుల విక్రయం. మనుష్య విక్రయమనే దీనికి వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. చరిత్ర బోధించేవాడిని గనుక రెండవ పక్షం కూడా చెప్పాలి. దాసునికి ప్రవ్రజ్య ఈయరాదని వినయపిటకమే విధించింది. ఆ వర్తకాన్ని వారించిన ధర్మం సైతం యజమాని హక్కును తోసిపుచ్చలేకపోయింది. ఆ హక్కు గతించినదని మనం నమ్ముతున్న కాలంలోనే జరిగిన వృత్తాంతాన్ని నేడు మీ ముందుంచుతున్నాను.

ఉత్తర ఇరాక్‌లోని సింజార్ ప్రాంతంలో కోచో ఒక యజీదీ గ్రామం. 2014 ఆగస్టు 3న ఇస్లామిక్ స్టేట్ సాయుధులు సింజార్‌పై దండెత్తారు. ఆగస్టు 15న కోచో ప్రజలను పాఠశాలకు తరలించి, పురుషులను వేరుచేసి కాల్చివేశారు. నాదియా మురాద్ తల్లి, ఆరుగురు సోదరులు హతులైనారు. ఇరవయ్యొకటవ ఏట ఆమెను మోసుల్‌కు కొనిపోయి బానిసగా అప్పగించారు. దీనిని కేవలం మూక దౌర్జన్యమనడం పొరపాటు. బానిసలను ఎట్లా కొనవచ్చునో, ఎట్లా అమ్మవచ్చునో తెలిపే ప్రశ్నోత్తరాల కరపత్రాన్ని సైతం ఆ సంస్థ ప్రకటించింది.

కొన్ని నెలలకు ఆమె తప్పించుకొన్నది. మోసుల్‌లోనే ఒక సున్నీ ముస్లిం కుటుంబం ప్రాణాలకు తెగించి ఆమెకు ఆశ్రయమిచ్చి, నగరం దాటించింది. ఈ మేలును ఆమె తన గ్రంథంలో దాచలేదు. ఏమీ ఎరుగనట్లు ఊరకున్న ఇరుగుపొరుగులపై ఆగ్రహాన్నీ దాచలేదు. 2015 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి ఎదుట ముఖం కప్పుకోకుండా, సొంత పేరుతో సాక్ష్యం చెప్పింది. 2018లో కాంగో వైద్యుడు డెనిస్ ముక్వెగేతో కలసి నోబెల్ శాంతి బహుమతి అందుకొన్నది.

సయోధ్య అనగానే క్షమించుమని బాధితురాలినే అడగడం మనకు అలవాటు. నాదియా కోరినది వేరు. నేరం నేరమని న్యాయస్థానంలో నిర్ణయం కావాలి, అటుపైననే పొరుగువానితో సహజీవనం. 2021 నవంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ న్యాయస్థానం ఒక ఇస్లామిక్ స్టేట్ సభ్యుణ్ణి జాతిహననం నేరంపై దోషిగా తేల్చింది. అతడు బానిసగా కొన్న ఐదేండ్ల యజీదీ బాలికను ఎండలో కట్టివేయగా ఆమె మరణించింది. సాక్ష్యమిచ్చినది ఆ బిడ్డ తల్లి. యజీదీలపై జరిగిన దానిని జాతిహననంగా నిర్ధారించి శిక్షించిన తొలి తీర్పు అది.

అయితే నా దృష్టిలో అంతకంటె కష్టమైన సయోధ్య ఇంటిలోపలిది. పరమతస్థునితో సంబంధం కలిగిన స్త్రీకి, అది బలాత్కారమైనా సరే, యజీదీ సమాజంలో తిరిగి చోటుండేది కాదు. చెర నుండి వచ్చే ఆడపడుచులు నిర్దోషులని, వారిని గౌరవంతో చేర్చుకోవాలని ఆ మతపెద్ద బాబా షేక్ ప్రకటించారు. లాలిష్ పుణ్యక్షేత్రంలోని ఊటనీటితో వారికి మరల సంస్కారం జరిపారు. శతాబ్దాల ఆచారాన్ని ఒక వృద్ధుడు మార్చిన ఈ ఘట్టానికి మన చరిత్ర పుస్తకాలలో ఒక పుట దక్కవలసి ఉన్నది. సొంత మనుషుల నడుమ నిలువ నీడ దొరికినందుననే ఎందరో స్త్రీలు బయట నోరు విప్పగలిగారు.

2021 మార్చిలో ఇరాక్ పార్లమెంటు బాధితులకు పరిహారం, భూమి, ఉద్యోగాలలో వాటా కల్పించే చట్టం చేసింది. అంతకు కొన్ని వారాల ముందే నూటనలుగురి అస్థికలను కోచోలో సమాధి చేశారు. వారిలో నాదియా సోదరులు ఇద్దరు. వేలాది మంది ఆచూకీ నాటికింకా తెలియలేదు.

ఒక్క ప్రశ్నకు మాత్రం ఆ సమాజం తలుపు తెరవలేదు. చెరలో పుట్టిన బిడ్డల మాట. 2019 ఏప్రిల్‌లో వారినీ స్వీకరిస్తారన్నట్లు మతమండలి ప్రకటన వెలువడింది. కొద్దిరోజులకే అది ఆ బిడ్డలకు వర్తించదని వివరణ వచ్చింది. తల్లులలో కొందరు బిడ్డలను విడిచి ఇంటికి వచ్చారు. కొందరు బిడ్డల కొరకు ఇల్లు విడిచి, దూరంగానే ఉండిపోయారు.