మూడు ఊళ్లు, మారిన జిల్లాలు, మిగిలిన గుర్తులు



జిడ్డు కృష్ణమూర్తి 1895లో ఈ మదనపల్లెలో పుట్టారు. అప్పటికిది కడప జిల్లా. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను కడప నుంచి విడదీసి అందులో కలిపారు. 1919లో రవీంద్రుడు ఇక్కడి బీసెంట్ కళాశాలలో కూర్చుని జనగణమనను ఇంగ్లీషులోకి మార్చేనాటికి ఇది చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న అన్నమయ్య జిల్లాలో చేరింది. 2025లో మదనపల్లె కేంద్రంగా జిల్లా ప్రతిపాదన రావడంతో సరిహద్దు గీతల చర్చ మళ్లీ మొదలైంది. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.

పాత గీత పూర్తిగా చెరిగిపోదు. హార్స్‌లీ కొండనే చూడండి. ఒకప్పుడు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర వేసవి విడిదికి ఇల్లు కట్టుకోబట్టి ఆ పేరు పడింది. కడప కలెక్టరు ఇక్కడ ఇల్లెందుకు కట్టుకున్నాడని పిల్లలు అడిగితే, పాత జిల్లా కథ చెప్పకుండా జవాబు రాదు.

పుంగనూరు, కుప్పం మరో దారిన వచ్చాయి. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది జమీందారీ రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లావి. తర్వాతే చిత్తూరు జిల్లాలోకి వచ్చాయి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి. కానీ పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర ఇప్పటికీ జమీందారుల కోటతో ముడిపడే సాగుతోంది. సుగుటూరు నేడు కర్ణాటకలో, కోలారు వైపున ఉంది. రాష్ట్రాల గీత పడకముందు నాటి బంధుత్వాన్ని ఆ అమ్మవారి పేరు ఇంకా మోస్తోంది.

కుప్పం సంగతి మరీ చిత్రం. మూడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోటు. ఊరు ఆంధ్రలో ఉన్నా రైల్వే స్టేషను బెంగళూరు డివిజన్‌ది. బజారులో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపిస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ పెట్టడం తగిన పని. గీత ఎంత బలంగా పడుతుందో తెలియాలంటే తిరుత్తణిని తలచుకోవాలి. 1960 ఏప్రిల్ 1న అది చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. బంధువులు, పొలాలు అటూ ఇటూ అయ్యాయి.

ఇక, గీతలు మారినా మిగిలే చిహ్నాల మాట. ఇంగ్లండులో మిడిల్‌సెక్స్ కౌంటీ పాలన 1965లోనే రద్దయింది. అయినా ఆ కౌంటీ పేరుతో, మూడు వంపు కత్తుల చిహ్నంతో క్రికెట్ జట్టు నేటికీ ఆడుతోంది. మనకూ చిహ్నాల సంప్రదాయం తక్కువది కాదు. విజయనగర రాజులు వరాహం, ఖడ్గం, సూర్యచంద్రులను లాంఛనంగా పెట్టుకున్నారు. దానశాసనాల రాళ్ల మీద సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉండటం మీరు చూసే ఉంటారు. ఆ రెండూ ఉన్నంతకాలం ఈ దానం చెల్లాలని దాని అర్థం. మన జిల్లాలకు మాత్రం సొంత ముద్ర లేదు. రాష్ట్ర చిహ్నం అమరావతి శిల్పం నుంచి వచ్చింది, సంతోషమే. కానీ ఈ నేల గుర్తు ఏది?

నా మటుకు నాకు పుంగనూరు ఆవు కన్నా తగిన గుర్తు కనబడదు. సుమారు మూడడుగుల ఎత్తు, పొట్టి కాళ్లు, వెడల్పు నుదురు, కొద్దిపాటి మేతతో బతికే ఓర్పు. జమీందారీ పోయినా, జిల్లా మారినా ఊరి పేరును దేశమంతా మోసింది ఆ ఆవే. దాన్ని గోడ మీద బొమ్మగా పెట్టుకుంటే చాలదు. పాలమనేరు పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతున్న జాతిని మన పాకల్లోనూ నిలబెట్టుకోవాలి.

చివరిగా ఒక విన్నపం. మీ ఇంట్లో పాత పట్టా, దస్తావేజు, శిస్తు రసీదు, పెళ్లి శుభలేఖ ఏదున్నా పారేయకండి. వాటి మీద జమీందారీ, ఫిర్కా, తాలూకా, జిల్లా పేర్లు ఉంటాయి. వాటిని ఫొటో తీసి మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. ఊరి పొలిమేరలో చెక్కిన రాయి ఉంటే రోడ్డు పనుల్లో పోకముందే దాని చోటు రాసిపెట్టండి. ఈ మూడు ఊళ్ల బడి పిల్లలు తమ ఊరు ఏయే ఏళ్లలో ఏయే జిల్లాలో ఉందో ఒక పేజీ రాసి తెస్తే, వచ్చే సభలో ఆ పేజీలే చదువుదాం.