మెదడు చదువు - మన పిల్లలకున్న దారులు

(కార్తీక సమారాధన సందర్భంగా పాలకాయతిప్పలో జరిగిన మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి కార్యదర్శిగారు చెప్పవలసినదంతా చెప్పారు. నన్ను పిల్లల చదువుల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. మెదడు శాస్త్రం, అదే న్యూరోసైన్సు చదువు గురించి చెబుతాను. గుమాస్తాగా రిటైరైనవాడికి మెదడుతో పనేమిటని నవ్వకండి. కారణముంది.

నాతో ఒకే సెక్షనులో చాలాకాలం పనిచేసిన మిత్రుడికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కాలు, మాట పడిపోయాయి. ఏమడిగినా "అదే, అదే" అనేవాడు. ఇంట్లోవారు మతి పోయిందనుకున్నారు. ఆయన ఎదుటే పొలం పంపకాలు మాట్లాడుకునేవారు. ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకుంటే అదీ జబ్బేననుకున్నారు. కొన్ని నెలలకు ఒక స్పీచ్ థెరపిస్టు అమ్మాయి వచ్చి, నాలుగు బొమ్మలు ముందు పెట్టి "కొడవలి ఏది తాతగారూ?" అంది. ఎడమచేత్తో సరిగ్గా చూపించాడు. అడిగినవన్నీ చూపించాడు. "తాతగారికి అన్నీ అర్థమవుతున్నాయి, మాటే బయటికి రావడం లేదు" అని ఆ అమ్మాయి చెప్పిన తరువాతే ఇంట్లోవారు ఆయనను అడిగి పనులు చేయడం మొదలుపెట్టారు.

మన ఆఫీసు భాషలో ఇన్‌వార్డు బాగానే ఉంది, డెస్పాచ్ మూతపడింది. 1861లో ఫ్రాన్సులో పాల్ బ్రోకా అనే వైద్యుడు, "టాన్" అన్న ఒక్క మాటే పలికే రోగి చనిపోయాక మెదడు పరీక్షించి, ఎడమవైపు ముందు భాగం దెబ్బతిన్నదని చూపాడు. 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు దీనికి ఎదురు రకం వివరించాడు. అందులో మాట ధారాళంగా వస్తుంది, ఎదుటివారు చెప్పేది బుర్రకెక్కదు. ఆ అమ్మాయి నేర్చుకున్నది ఈ విద్యే. ఆమె డాక్టరు కాదు.

పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ ఇక్కడికి దగ్గరలోనే సముద్రంలో కలుస్తోంది. ఈ చదువుకూ అలాగే పాయలున్నాయి.

మొదటిది వైద్యం. ఎం.బి.బి.ఎస్., ఎం.డి., ఆపైన డి.ఎం. న్యూరాలజీ. మొత్తం పదకొండేళ్ళ పైమాట. 2023లో మన బందరులోనే ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది.

రెండవది పరిశోధన. జువాలజీ, కెమిస్ట్రీ, సైకాలజీ వంటి వాటిలో డిగ్రీ చేసి ఇటు రావచ్చు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, బెంగుళూరు నిమ్హాన్స్, హర్యానాలో మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధనా కేంద్రం ఇందుకు పేరున్నవి. 1964లో బెంగుళూరులో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మగార్లు, కాళ్ళు చచ్చుబడేలా చేసే విషాన్ని ఖేసరి పప్పు నుండి వేరుచేశారు. వారు జీవరసాయన శాస్త్రజ్ఞులు. అయితే ఎం.ఎస్సీ.తో ఆగితే ఉద్యోగం అంత తేలిక కాదు. పీహెచ్.డి. దాకా ఓపిక పట్టాలి. జె.ఆర్.ఎఫ్. వస్తే నెలకు 37,000 రూపాయల భృతి 2023 నుండి ఇస్తున్నారు కనుక, తండ్రి మీద భారం పడదు.

మూడవది, నా మిత్రుడిని ఆదుకున్న విద్య. ఇంటరు తరువాత నాలుగేళ్ళ డిగ్రీ. 1965లో మైసూరులో ఏర్పడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దీనికి ప్రసిద్ధి. ఫిజియోథెరపీ, మెదడు విద్యుత్తును నమోదు చేసే ఈఈజీ టెక్నీషియన్ పని కూడా ఈ కోవలోనివే.

నాల్గవది కంప్యూటరు. మెదడు కణాల అల్లికను చూసి యంత్రాలకు నేర్పే పద్ధతికి పునాది వేసిన హాప్‌ఫీల్డ్, హింటన్‌లకు 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

నీట్‌లో సీటు రాలేదని గదిలో తలుపు వేసుకున్న పిల్లలు మన ఇళ్ళలోనూ ఉన్నారు. మళ్ళీ లాంగ్‌టర్మ్ కోచింగుకు డబ్బు కట్టేముందు ఈ పాయల సంగతి వారికి చెప్పండి. ఏది ఇష్టమో వారినే అడగండి. మంచం పట్టిన మనిషిని అడగకుండా నిర్ణయాలు చేస్తే ఎంత బాధో చూశాం. ఎదిగిన పిల్లల విషయంలోనూ అంతే.