గొలుసురంపము – పట్టువాడు, పట్టించువాడు



నేను ముప్పదియైదు సంవత్సరములు పిల్లలకు వ్యాకరణమును, పద్యములును చెప్పి విశ్రాంతి గొన్నవాడను. అట్టివాడు చెట్లు కోయు యంత్రమును గూర్చి రేడియోలో ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు. కాని శామీర్‌పేట చెరువున కీవల నున్న మా యూరిలో గత వైశాఖమున జరిగిన దొక్కటి నన్నీ విద్యకు ముదిమిలో శిష్యునిగా జేసినది. తెలిసికొన్నంత మీకు విన్నవించుచున్నాను.

మొదట పేరు. దీనిని మన బజారులలో రంపం మిషననియు, చైను మిషననియు పిలుచుచున్నారు. నేను గొలుసురంపమందును. అమరకోశమున రంపమునకు క్రకచమనియు, కరపత్రమనియు పేళ్లు గలవు. నేడు కరపత్రమన్న ఎన్నికలప్పుడు పంచు కాగితమే స్ఫురించును గాని రంపము స్ఫురించువా రరుదు. వెనుకటి రంపమును ఇద్దరు కూర్చుండి లాగెడివారు, అలసినప్పుడు నిలిపెడివారు. ఈ యంత్రమునకు అలసట లేదు. దాని చైను ఒక్క సెకనులో సుమారు 20 మీటర్లు పరుగెత్తును. అనగా మన రాజీవ్ రహదారిపై బస్సు పోవునంత వేగమన్నమాట.

జర్మనీ దేశమున ఆండ్రియాస్ స్టిల్ అను నతడు 1926లో విద్యుచ్ఛక్తితో నడుచు గొలుసురంపమును, 1929లో పెట్రోలుతో నడుచు దానిని నిర్మించెను. అవి ఇద్దరు మోయవలసిన బరువులు. నేటి చైను పండ్ల రూపమునకు మాత్రము గురువు ఒక పురుగు! అమెరికాలో జోసెఫ్ కాక్స్ అను చెట్లుకొట్టువాడు 1946లో ఒక మోడులో కొయ్యను తొలుచు పురుగును జూచి, అది కుడికి నెడమకు మార్చి మార్చి కొరుకుచు ఎంత సులభముగా పోవుచున్నదో కనిపెట్టి, అట్లే కుడియెడమలుగా పండ్లుండు చైనును కల్పించెను. మన మామిడితోటల కాండమును తొలుచు పురుగును మనము తిట్టుచునే యున్నాము. దానివద్ద పాఠము నేర్చుకొన్నవాడు వేరొకడు.

ఇక జరిగినది. ఆనాటి సాయంకాలము ఈదురుగాలి వీచి మా పెరటి చింతచెట్టు కొమ్మ యొకటి సగము విరిగి బాటపై వ్రాలెను. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమున తోటలు ప్లాట్లగుచుండుటచే గొలుసురంపము గలవానికి పనికి కొదువ లేదు. అట్టి పనిచేయు నా పూర్వశిష్యుడొకనిని పిలిపించితిని. రంపము ముందుపిడి కెదురుగా ఒక అడ్డుపట్టీ యుండవలెను. అతని యంత్రమునకు అది లేదు. "ఇదేమిరా?" అని యడిగితిని. "విరిగింది సారూ. అది లేకున్నా నడుస్తది" అనెను. నడచుట నిజమే. నేనంతటితో నూరకుంటిని. అంతియే గాదు, "చీకటి పడకముందే కానిమ్ము నాయనా" అని మూడుమారులు తొందరపెట్టితిని. కొమ్మ అందకున్న, ఇంటిలోని స్టూలును నేనే తెచ్చి వేసితిని.

అతడు స్టూలుపై నిలిచి యంత్రమును భుజములపైకెత్తి కోయుచుండగా, బారు కొన కొమ్మవెనుకనున్న మరియొక రెమ్మకు తగిలెను. యంత్రము ఎగిరి అతనిపైకే తిరిగెను. ఎడమభుజము తెగినది. అతని తువాలుతోనే గాయమును అదిమిపట్టి ఆసుపత్రికి గొనిపోయితిమి. ప్రాణమునకు ముప్పు తప్పినది గాని నాలుగు మాసములు పని పోయినది. అతని తల్లి నన్ను నిందింపలేదు. "మీరు పక్కన్నే ఉంటిరి గద సారూ" అని మాత్రమనెను. ఆ మాట నన్ను నిద్రపోనీయలేదు.

అందుచే నేను చెప్పునది యంత్రము పట్టువానికే కాదు, పట్టించు మనకు. మనమే గదా పిలుచువారము, కూలి యిచ్చువారము, తొందరపెట్టువారము.

యంత్రము వెనుకకు ఎగురుట యన నేమి? బారు కొన గుండ్రముగా నుండును. ఆ కొన పైసగమున చైను మలుపు తిరుగుచుండును. ఆ భాగము కొయ్యకు తగిలినచో పండ్లు కోయజాలక పట్టుకొనును. పోవలసిన బలమంతయు బారును పైకిని, వెనుకకును విసరును. చేయి వెనుకకు తీసికొనునంత వ్యవధి యుండదు. కనుకనే ఆ అడ్డుపట్టీ. యంత్రమెగిరినప్పుడు అది ముందుకు త్రోయబడి చైను బ్రేకు పడును. పని మొదలిడుటకు ముందు, రెండుచేతులతో యంత్రమును గట్టిగా పట్టుకొని, చైను తిరుగుచుండగా ఎడమ మణికట్టుతో ఆ పట్టీని ముందుకు నెట్టి చూపుమని మీరడుగుడు. చైను తక్షణమే నిలువవలెను. నిలువకున్న ఆ దినము పని లేదు. పొట్టును జిడ్డును చేరి బ్రేకు పట్టకపోవుటయు గలదు, శుభ్రపరచిన బాగుపడవచ్చును. పట్టీయే లేని యంత్రమునకు మాత్రము మీ వాకిలి చూపకుడు.

పట్టు తీరు గలదు. కుడిచేయి వెనుకపిడిపై, ఎడమచేయి ముందుపిడిపై నుండవలెను. ఎడమచేతి బొటనవ్రేలు పిడిని క్రిందినుండి చుట్టవలెను. ఒంటిచేత కోయుట, భుజములకు మించి యెత్తుట, నిచ్చెనపై గాని స్టూలుపై గాని నిలుచుట కూడవు. గాలిలో వ్రేలాడదీసి త్రాడులాగి స్టార్టుచేయుట మనవారికి విలాసముగా నున్నది. నేలపై నుంచి, బ్రేకు వేసి, వెనుకపిడిలో కుడికాలి మునివ్రేళ్ల నదిమి, ఎడమచేత ముందుపిడిని పట్టి స్టార్టుచేయవలెను. లుంగీయు, వ్రేలాడు కండువాయు పనికిరావు. తలకు హెల్మెట్టు, కన్నులకు అద్దములు, గట్టి బూట్లు కావలెను. ఈ యంత్రము ధ్వని నూరు డెసిబెల్లులకు మించును గనుక చెవులకు మూతలు వలయును. కాళ్లకు ప్రత్యేకమైన రక్షణవస్త్రము దొరకును. చైను తగిలినచో దానిలోని దారపుపోగులు లాగబడి చైనును చుట్టుకొని నిలిపివేయును. వెల కొంత యెక్కువయే. నాలుగు మాసముల కూలితో పోల్చి చూడుడు.

నిలిచియున్న చెట్టును కూల్చుటకు ముందు మరియొక మాట. 2002 నాటి జల, భూమి, వృక్ష చట్టము ప్రకారము చెట్టు కొట్టుటకు అనుమతి వలసియుండును. మీ చేనిలోనిదేయైనను అటవీశాఖ వారి నడిగి మొదలిడుడు. కరెంటుతీగ సమీపమున నున్న, విద్యుచ్ఛాఖవారు సరఫరా నిలిపినగాని యంత్రము పైకి తీయరాదు.

కూల్చు పద్ధతిని వినుడు. పడవలసిన దిక్కున మ్రాను మందములో ఇంచుమించు నాలుగవవంతు లోతుగా నోరు తెరచినట్లు గాటు తీయుదురు. పిదప వెనుకనుండి కోయుదురు గాని ముందుగాటు వరకు పోనీయరు. మందములో పదవవంతు కొయ్యను నడుమ విడుతురు. అది తలుపునకు బందువంటిది. చెట్టు ఆ బందుపై తిరిగి నెమ్మదిగా ఒరుగును. ఆ బందు తెగెనా, చెట్టు ఎటు పడునో చెప్పజాలము. బారు బిగిసికొనకుండ వెనుకగాటులో కొయ్యచీల దిగగొట్టుదురు. కోయువాడు తప్పుకొనుటకు త్రోవ ముందే శుభ్రపరచియుంచవలెను. ఆ త్రోవ సరిగా వెనుకకు కాదు, ఏటవాలుగా వెనుకప్రక్కకు. మొదలు ఒక్కొక్కప్పుడు వెనుకకు ఎగదన్నును. చెట్టు పొడవునకు రెండింతల దూరములోపల మనుష్యులు, పశువులు నుండరాదు. వంటచెరకునకై పిల్లలు పరుగెత్తివచ్చెడి యలవాటు మన యూళ్లలో గలదు గదా; వారిని నిలుపుట పెద్దల పని.

నీలగిరి నిటారుగా నుండును గనుక లెక్క తప్పదు. ముదురుచింత అట్లు గాదు. లోపల తొఱ్ఱ యుండును, బరువంతయు ఒకవైపే యుండును. మన వేపమ్రాకులకు ప్రకటనల రేకులు కొట్టి, కంచెతీగలు చుట్టి యుందురు. లోపలి మేకు ఒక్కటి తగిలిన చైను పండ్లు పోవును. గాలికి విరిగి వంగియున్న కొమ్మ వింటివలె బిగువుతో నుండును. ఏవైపు బిగువో చూడక కోసిన ముఖముపై కొట్టును. నా పెరటిలోనిది అట్టిదే.

యంత్రపోషణను కుప్తముగా చెప్పెదను. పొట్టు పెచ్చులు పెచ్చులుగా రాలిన చైను పదునుగా నున్నదని గుర్తు. పిండివలె రాలిన మొద్దుబారినది. మొద్దుచైనుతో కోయువాడు యంత్రమును అదుముచుండును. అదిమినకొలది చేతులు సడలును. గుండ్రని ఆకురాయితో, చైనునకు తగిన మందము గలదానితో, సాధారణముగా 30 డిగ్రీల వాలున, లోపలినుండి వెలుపలికే రాయవలెను. అన్ని పండ్లకును రాపిడి లెక్క ఒక్కటే. పంటిముందుండు మెట్టును పుస్తకములోని కొలతకు మించి రాచినచో యంత్రము మరింత యెగురును. చైను బారునకు అంటియుండి, చేతితో లాగిన తిరుగవలెను; బిగించునప్పుడు ఇంజను ఆగియుండవలెను, చేతులకు తొడుగు లుండవలెను. పెట్రోలులో టూ-స్ట్రోక్ నూనె, యంత్రపు పుస్తకములో 50కి 1 అని యున్నచో, లీటరునకు 20 మిల్లీలీటర్లు. చైనునకు వేరే నూనె గలదు. కాలిన ఇంజనునూనె పోయుట తెలివిగా తోచును గాని బారును తినును. వేడియంత్రములో పెట్రోలు పోయకుడు. పోసిన చోటునుండి 3 మీటర్లు జరిగి స్టార్టుచేయుడు. ఎయిర్ ఫిల్టరును ప్రతిదినము దులుపవలెను.

నా శిష్యుడు ఆశ్వయుజమున మరల పని కెక్కెను. క్రొత్త అడ్డుపట్టీ వేయించినాడు. ఆ ఖర్చు నేనిచ్చితిని. బాటపై పడిన భాగమును ఊరివారు నాడే గొడ్డళ్లతో తీసివేసిరి గాని, చెట్టున వ్రేలాడు తుంట మిగిలియుండెను. దానికై అతడే వచ్చెను. స్టూలు తేబోయిన మనుమని వారించి, ముందు బ్రేకు వేసి నాకు చూపించెను. పిదప తుంటకు మోకు కట్టి ముగ్గురిచేత క్రిందికి లాగించి పట్టించి, నేలపై నిలిచియే, బిగువు చూచుకొనుచు తునుకలు తునుకలుగా కోసెను. రెండు పూటలు పట్టినది. నేను దూరముగా అరుగుపై కూర్చుంటిని. ప్రొద్దు వ్రాలుచున్నదని రెండుమారులు నోటివరకు వచ్చినది గాని అనలేదు.